సబరస్ కేక వినబడితే తలుపు తీయండి

సూరత్‌లోని పర్వత్ పాటియాకు సిరిసిల్ల నుంచో నల్లగొండ నుంచో కొత్తగా వచ్చిన మనవాళ్ళు పోయినేడు దీపావళి తెల్లారి కూడా తలుపులు బిగించుకొని పడుకున్నారు. మేము పడ్డ పాట్లే మళ్ళీ పడుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

మామూలు రోజుల పలకరింపు కష్టమేం కాదు. "కేమ్ ఛో" అంటే "మజామా" అనండి. సెలవు తీసుకునేటప్పుడు "ఆవజో". పేరు చివర మగవాళ్ళకు భాయ్, ఆడవాళ్ళకు బెన్ చేర్చండి. పెద్దవాళ్ళను "తమే" అనాలి, "తూ" అనొద్దు. జై శ్రీకృష్ణ అన్నవారికి జై శ్రీకృష్ణ, జై స్వామినారాయణ్ అన్నవారికి అదే, జైనులు జై జినేంద్ర అంటే జై జినేంద్ర. నోరు తెరిచి అనండి! తల ఊపి పోతే ఎట్లా?

అసలు సంగతి బెస్తు వరస్. కార్తీక శుద్ధ పాడ్యమి గుజరాతీలకు కొత్త సంవత్సరం. ఆ రోజు ఇంకా చీకటుండగానే వీధిలో "సబరస్" అని కేక వినబడుతుంది. గుమ్మం దగ్గరికి ఉప్పు తెస్తారు. నాలుగు డబ్బులిచ్చి ఆ ఉప్పు ఇంట్లోకి తీసుకుంటే ఏడాదంతా శుభమని వాళ్ళ నమ్మకం. ఉప్పు చేతికిస్తే తగాదాలొస్తాయని మన నమ్మకం. మా అత్తమ్మ ఆ మాటే పట్టుకొని, ఉప్పు పళ్ళెంతో వచ్చిన పిల్లవాణ్ణి "వద్దు, పో" అని గుమ్మంలోంచే తరిమింది. ఎదురింటి బెన్ అంతా చూసింది. కొత్త చీర కట్టుకొని సాల్ ముబారక్ చెప్పడానికి మా ఇంటికే బయల్దేరిన మనిషి, మెట్ల మీద నుంచే వెనక్కి తిరిగింది. హోలీ దాకా మాతో మాట్లాడలేదు. కాబట్టి చెబుతున్నాను, ఉప్పు కాదనకండి. చేతికి వద్దనుకుంటే గిన్నె పట్టండి. కాదని మాత్రం అనకండి.

స్నానం చేసి మీరే ముందు ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళి "సాల్ ముబారక్" అనండి. పెద్దల కాళ్ళకు మొక్కండి. సాంచెలు (మరమగ్గాలు) బంద్ కదా అని తొమ్మిదింటిదాకా నిద్రేమిటి? మన ఉగాదికి ఇక్కడ సాంచెలు ఆగవు, వేపపువ్వు కోసం తిరగాలి, పచ్చడి గిన్నె పట్టుకొని వచ్చే పక్కింటి పెద్దమ్మ ఉండదు. నాకైతే ఆ రోజు అన్నం సహించదు. పండగపూట ఎవరూ పలకరించకపోతే ఎట్లుంటుందో మనకు తెలుసు కదా, మరి వాళ్ళ పండగకు మనం తలుపేసుకుంటామా?

బట్టల మార్కెట్లు లాభ్ పాంచమ్‌కు, అంటే కార్తీక శుద్ధ పంచమికి, మళ్ళీ తెరుస్తారు. ఊరికి పోయినవాళ్ళు తిరిగొచ్చి సేఠ్‌కు ముందు సాల్ ముబారక్ చెప్పండి, పగార్ సంగతి ఆ తర్వాత ఎత్తండి.