మీ సందు సంగతి

చిరంజీవి బుజ్జికి,

వేళకి తింటున్నావో లేదో అన్న బెంగ నాకు ఎప్పుడూ ఉండేదే, దానికి తోడు మీ సందులో మ్యాన్‌హోల్ పొంగి వారమైందనీ, ముక్కు మూసుకుని ఆఫీసుకి వెళ్తున్నాననీ నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచీ మనసంతా అక్కడే ఉందమ్మా.

ఇలాంటివి చూస్తే మీ తాతయ్య ఊరుకునేవారు కాదు. మీ అమ్మ చిన్నప్పుడు బెజవాడలో ఒక వేసవి మన వీధి కొళాయికి నీళ్లు రాకపోతే, ఆయన అర్జీ రాసి తిన్నగా ఆఫీసుకి పట్టుకెళ్లలేదు. ముందు ఇస్త్రీ బండి అబ్బాయి దగ్గరికీ, టీ కొట్టు దగ్గరికీ, ఎవరితోనూ పలకని చివరింటి మామ్మగారి దగ్గరికీ వెళ్లి, అందరికీ చదివి వినిపించి, సంతకం రానివాళ్లతో వేలిముద్ర వేయించి, అప్పుడు ఇచ్చొచ్చారు. అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు చొక్కా జేబులో మడిచి పెట్టుకుని, మీ అమ్మ చేత వేలు పట్టించుకుని, మళ్లీ మళ్లీ వెళ్లి, "మా అర్జీ ఎంతదాకా వచ్చింది బాబూ" అని మెల్లగా అడిగేవారు. నీళ్లొచ్చాక ఆ గుమాస్తాగారికి కృతజ్ఞతలు చెప్పడానికి ఇంకోసారి వెళ్లారు. ఆ ఓర్పు నీలోనూ ఉంది, నేను చూశాను.

అప్పుడు ఆయన దగ్గర ఉన్నది అర్జీ ఒక్కటే. నీకు ఇంకా చాలా ఉన్నాయి. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలంది. మీ వార్డుకి ఉందా, కూర్చుంటున్నారా, కనుక్కో. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. మీ సందు పనికి ఎంత ఖర్చు పెట్టారని రాసి అడిగితే, 30 రోజుల్లో జవాబివ్వాలి. ముందు ఎవరి పని ఏదో తెలుసుకో తల్లీ. మీ హైదరాబాదులో మురుగు నీళ్లు జలమండలి చూస్తుంది, చెత్త మున్సిపల్ కార్పొరేషన్ చూస్తుంది. ఒకరి పని ఇంకొకరిని అడిగితే ఎన్నాళ్లయినా తెమలదు. జలమండలి నంబరు 155313కి ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకుని, ఆ నంబరు పట్టుకునే మళ్లీ అడుగు.

ఇంకో మాట. ఆలస్యమైతే మీ ఇంటి ఓనరుగారు ఎవరికో నాలుగు డబ్బులిచ్చి మ్యాన్‌హోల్‌లోకి దింపేద్దామంటారేమో, ఒప్పుకోకు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ దిగే పిల్లాడి కోసం ఇంట్లో ఎవరో అన్నం పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటారు కదమ్మా. ఇంకొకరి గురించి ఆలోచించడం నీకు కొత్త కాదు. పగిలిన గాజు పెంకులు నాలుగు మడతల కాగితంలో చుట్టి, పురికొస కట్టి, చెత్తబండి అమ్మాయికి చేతికే ఇచ్చి "జాగ్రత్తమ్మా" అని చెప్పడం నీకు ఆరేళ్లప్పుడే వచ్చు. అవతలి మనిషి చెయ్యి తెగకూడదన్న ఆ ఆలోచన ఉన్నవాళ్లు వార్డు మీటింగులో కూర్చుంటే ఊరు బాగుపడుతుంది. గట్టిగా అరిచేవాళ్లకేం, ఎక్కడైనా ఉంటారు.

ఇక ఓటు సంగతి. 2020 డిసెంబరులో గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు జరిగితే ఓటర్లలో సగం మంది కూడా రాలేదు. నీ ఓటు ఇంకా మన ఇంటి చిరునామాతోనే ఉంది. పోలింగు రోజున నువ్వొస్తావని నాకూ ఆశే, అయినా నువ్వు నీళ్లు తాగే ఊళ్లో, నడిచే రోడ్డు మీద నీ మాట చెల్లాలి. ఫారం 8 నింపి అక్కడికి మార్పించుకో. నన్ను చూడ్డానికి సంక్రాంతికి ఎలాగూ వస్తావు.

ఇట్లు,
నీ అమ్మమ్మ