ఆదాయపు పన్ను రిటర్ను: మనమే వేసుకుందామా, ఫీజిచ్చి వేయిద్దామా?

సభ్య శిక్షణ పాఠం

పలమనేరు ప్రాంతంలోని ఒక పాల సంఘంలో, సాయంత్రం పాల సేకరణ ముగిసిన తరువాత సభ్యులకు తరగతి పెట్టుకున్నాము. మేత గురించి, గాలికుంటు టీకాల గురించి ప్రశ్నలు వస్తాయనుకున్నాము. ఒక సభ్యుడు లేచి, "సార్, మా పిల్లోడి చదువు లోనుకు బ్యాంకోళ్ళు ఐటీ రిటర్ను అడగతా ఉండారు. టౌన్లో ఒకాయన వెయ్యి రూపాయలిస్తే ఏస్తానంటాడు. ఇంకొకాయన ఫోన్లో ఊరికే ఏసుకోవచ్చు అంటాడు. ఏది మేలు?" అని అడిగాడు. పక్కనే ఉన్న సంఘ కార్యదర్శి, "మన సంఘానికి కూడా ఏటా అయిదు వేలిచ్చి ఏయిస్తా ఉండాము సార్. అది దండగ గదా?" అన్నాడు.

రెండు ప్రశ్నలూ ఒకటే మాదిరి వినిపిస్తాయి. జవాబులు మాత్రం వేరు. ఆనాడు తరగతిలో చెప్పినదానిని సభ్యులందరి ఉపయోగార్థం ఇక్కడ వివరిస్తున్నాము.

1. పాల డబ్బు వ్యవసాయ ఆదాయం కాదు

మన సభ్యులలో చాలామందికి ఉన్న అపోహ ఇది. టమోటా, వేరుశనగ, వరి పండించి అమ్మిన డబ్బు వ్యవసాయ ఆదాయం. దానిపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. ఆవును మేపి పాలు అమ్మగా వచ్చినది మాత్రం చట్టం దృష్టిలో వ్యాపార ఆదాయం. గడ్డి మన పొలంలోదే అయినా సరే, పాల పద్దు వేరు, పంట పద్దు వేరు. రిటర్ను ఎవరు వేసినా ఈ రెండు పద్దులను విడదీసి చూపవలసినదే.

ఇంకొక మాట. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చింది. 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది గనుక ఈ పాఠంలో పాత సెక్షన్ల సంఖ్యలనే వాడుతున్నాము.

2. సభ్యుని సంగతి

ఒక ఉదాహరణ తీసుకుందాము. మూడు ఆవులున్న సభ్యురాలు రోజుకు 24 లీటర్లు పోస్తుంది. లీటరుకు సగటున 36 రూపాయలు పడితే రోజుకు 864 రూపాయలు. ఏడాదిలో 300 రోజులు పాలు పోసిందనుకుంటే పాలబిల్లుల మొత్తం 2,59,200 రూపాయలు. ఇదంతా లాభం కాదు. చిన్న వ్యాపారులకు 44ఎడి సెక్షన్ కింద ఒక సులువు ఉన్నది. బ్యాంకు ద్వారా వచ్చిన మొత్తంలో కనీసం 6 శాతం, నగదుగా వచ్చిన దానిలో కనీసం 8 శాతం లాభంగా చూపితే వివరమైన ఖాతా పుస్తకాలు అడగరు. ఈమె పాలబిల్లు బ్యాంకులోనే పడుతున్నది గనుక 6 శాతం లెక్కన చూపవలసిన కనీస లాభం 15,552 రూపాయలు. వేరే ఆదాయం లేకపోతే ఈమెకు పన్ను లేదు, రిటర్ను వేయవలసిన బాధ్యత కూడా సాధారణంగా ఉండదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. 2025-26 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు వల్ల పన్ను పడదు. అందువల్ల 12 లక్షల లోపు వారెవరూ రిటర్ను వేయనక్కరలేదని ప్రచారం జరుగుతున్నది. అది తప్పు. రిటర్ను వేయవలసిన హద్దు 4 లక్షలు. 4 లక్షలు దాటిన వారు, పన్ను సున్నా అయినప్పటికీ, రిటర్ను వేసి ఆ సంగతి చూపవలసినదే. 4 లక్షల లోపు వారు కూడా బ్యాంకు వడ్డీలో పన్ను కోత పడి ఉంటే ఆ డబ్బు తిరిగి రావడానికీ, బ్యాంకు రుణానికి కాగితం కావలసి వచ్చినా రిటర్ను వేసుకోవచ్చును.

ఇక, స్వయంగా వేసుకోవచ్చునా? ఆదాయం ఏ తీరుగా వస్తున్నదో చూచి నిర్ణయించాలి.

జీతమో, పింఛనో, బ్యాంకు వడ్డీయో మాత్రమే ఉన్న వారికి ఐ.టి.ఆర్-1 సరిపోతుంది. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో జీతం, వడ్డీ, కోసిన పన్ను చాలా వరకు ముందే నింపి ఉంటాయి. ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల ఉంటే ఒక పూటలో అయిపోయే పని. దీనికి వెయ్యి రూపాయలు అనవసరం.

పాల ఆదాయం మాత్రమే ఉండి, పంట ఆదాయం లేనివారు, లేదా ఏడాదికి 5,000 రూపాయలకు మించనివారు ఐ.టి.ఆర్-4 వేయవచ్చును. ఇది కూడా కాస్త ఓపిక పడితే స్వయంగా చేసుకోదగినదే.

పంట ఆదాయం 5,000 రూపాయలు దాటితే ఐ.టి.ఆర్-1 గాని, ఐ.టి.ఆర్-4 గాని పనికిరావు. పాలూ పంటా రెండూ ఉన్న సభ్యుడు ఐ.టి.ఆర్-3 వేయాలి. అది పొడుగైన ఫారం. పైగా పాల లాభము, ఇతర ఆదాయము పన్ను హద్దు దాటినప్పుడు పన్ను రేటు లెక్కకు పంట ఆదాయాన్ని కూడా కలిపి చూస్తారు. మన పలమనేరు వైపు ఒక మడి టమోటా, రెండు ఆవులు లేని ఇల్లు అరుదు. అటువంటి వారు మొదటి ఏడాది తెలిసినవారికి ఫీజిచ్చి చేయించుకోవడమే మంచిది. పక్కన కూర్చుని చూస్తే మరుసటి ఏడాదికి పని పట్టుబడుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యునికి ఈ మాటే చెప్పాము. రుణం కోసమని లేని పాలను, రాని లాభాన్ని రాయించుకోవద్దని కూడా హెచ్చరించాము.

వ్యక్తులకు, అవిభక్త కుటుంబాలకు తక్కువ ఖర్చుతో సాయపడేందుకు ప్రభుత్వం 2006లో పన్ను రిటర్ను తయారీదారుల పథకాన్ని తెచ్చి, కొందరికి శిక్షణ ఇచ్చింది. ఆ పథకం సంఘాల కోసం ఉద్దేశించినది కాదు. సంఘం దారి వేరు.

3. సంఘం సంగతి

వ్యక్తికి ఉన్నట్లు సహకార సంఘానికి 4 లక్షల మినహాయింపు లేదు. సాధారణ విధానంలో మొదటి 10,000 రూపాయలకు 10 శాతం, తరువాతి 10,000కు 20 శాతం, 20,000 దాటిన దానికి 30 శాతం పన్ను. దానిపై 4 శాతం సెస్సు.

అయితే పాల సంఘాలకు 80పి సెక్షన్ కొండంత అండ. సభ్యుల పాలను సమాఖ్య సహకార సంఘానికి గాని, ప్రభుత్వానికి గాని, ప్రభుత్వ కంపెనీకి గాని సరఫరా చేసే ప్రాథమిక సంఘానికి ఆ లాభం మొత్తంపై మినహాయింపు ఉన్నది. దీనికి ఒక గట్టి షరతు ఉన్నది. 2018-19 అసెస్‌మెంట్ సంవత్సరం నుండి, గడువు లోపల రిటర్ను వేసిన సంఘానికే ఈ మినహాయింపు. గడువు దాటితే హక్కు పోయినట్లే.

లెక్క చూడండి. ఒక సంఘానికి 2,40,000 రూపాయల నికర లాభం వచ్చింది. గడువులో రిటర్ను వేసి 80పి అడిగితే పన్ను సున్నా. గడువు దాటితే పన్ను 69,000, సెస్సు 2,760, మొత్తం 71,760 రూపాయలు. వడ్డీ, ఆలస్య రుసుము దీనికి అదనం. సంఘంలో 120 మంది సభ్యులుంటే తలకు 598 రూపాయల బోనసు పోయినట్లు. కార్యదర్శి దండగ అనుకున్న 5,000 రూపాయలను ఈ అంకె పక్కన పెట్టి చూడాలి.

అలాగని ఫీజు ఇచ్చినంత మాత్రాన పని అయినట్లు కాదు. కొన్నేండ్ల క్రితం మా తనిఖీ పరిధిలోని ఒక సంఘంలో జరిగినది చెబుతాము. పాలకవర్గం ఏటా ఫీజు చెల్లిస్తూ వచ్చింది. రశీదు ఫైలులో ఉన్నది. మేమూ ఆ రశీదు చూసి, రిటర్ను దాఖలైనదని తనిఖీ నోటులో రాశాము. దాఖలైనట్లు శాఖ ఇచ్చే అక్నాలెడ్జిమెంటు చూపమని అడగలేదు. నిజానికి రిటర్ను గడువు దాటిన ఆరు వారాలకు వెళ్ళింది. సంఘం పాన్ పేరిట నమోదైన ఫోన్ నంబరు, ఈమెయిలు కూడా తయారు చేసినాయనవే. నోటీసులు ఆయనకు వెళ్ళాయి, సంఘానికి చేరలేదు. బ్యాంకు ఖాతా నుండి వసూలుకు ఉత్తర్వు వచ్చిన నాడు గాని కార్యదర్శికి సంగతి తెలియలేదు. అది సంక్రాంతికి బోనసు పంచడానికి ఉంచిన డబ్బు. ఆ ఏడాది పంచలేదు. మహాజన సభలో సభ్యులు అడుగుతుంటే కార్యదర్శితో పాటు మేమూ తల వంచుకుని కూర్చున్నాము. ఆనాటి నుండి రశీదు చూసి సంతకం పెట్టడం మానుకున్నాము.

రాష్ట్ర చట్టం కింద జరగవలసిన ఆడిట్ ఆలస్యమై గడువు తప్పిన సంఘాలకు కొంత ఊరట దొరికింది. 2018-19 నుండి 2022-23 వరకు అసెస్‌మెంట్ సంవత్సరాల విషయంలో ఆలస్యాన్ని మన్నించవలసినదిగా దరఖాస్తు చేసుకునే వీలును కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2023 జూలై 26న 13/2023 సర్క్యులర్ ద్వారా కల్పించింది. పై సంఘానికి అది పనికిరాలేదు. ఆడిట్ సకాలంలోనే పూర్తయింది, రిటర్ను మాత్రమే ఆలస్యమైంది.

సంఘం రిటర్నులో తెలిసినవారి సాయం అవసరమయ్యే చోట్లు మరికొన్ని ఉన్నవి.

(అ) పాలు ఎవరికి పోశారు? 2002లో చిత్తూరు డెయిరీ మూతపడిన తరువాత మన జిల్లాలో పాలు చాలా వరకు ప్రైవేటు డెయిరీలకు మళ్ళాయి. ప్రైవేటు డెయిరీకి పోసిన పాలు, హోటళ్ళకు అమ్మిన పాలు పైన చెప్పిన పూర్తి మినహాయింపులో చేరతాయని అనుకోరాదు. ఈ పద్దులు మొదటి నుండి విడిగా రాయాలి.

(ఆ) ఆడిట్ హద్దు. రోజుకు 800 లీటర్లు, లీటరుకు 36 రూపాయల లెక్కన సంఘం ఏడాది వ్యాపారం 1,05,12,000 రూపాయలు. కోటి దాటితే ఆదాయపు పన్ను చట్టం కింద ఆడిట్ అవసరం. నగదు రాబడి 5 శాతం, నగదు చెల్లింపులు 5 శాతం మించకపోతే ఆ హద్దు 10 కోట్లు. పాలబిల్లులు బ్యాంకు ద్వారా చెల్లించడంలో ఈ లాభం కూడా ఉన్నది. సహకార శాఖ ఆడిట్ వేరు, ఈ ఆడిట్ వేరు.

(ఇ) కోత పడిన పన్ను. 10 కోట్లకు మించి వ్యాపారం ఉన్న కొనుగోలుదారు, ఒక సంఘం నుండి ఏడాదిలో 50 లక్షలకు మించి సరుకు కొంటే, మించిన మొత్తంపై 0.1 శాతం పన్ను కోయాలన్న నిబంధన 2021 జూలై 1 నుండి వచ్చింది. పై సంఘం తన పాలన్నీ అటువంటి ఒకే డెయిరీకి పోస్తే కోత 5,512 రూపాయలు. పన్ను పడని సంఘానికి అది తిరిగి రావాలంటే రిటర్నే మార్గం.

(ఈ) తక్కువ రేటు ఆశ. సహకార సంఘాలకు 22 శాతం రేటుతో మరొక విధానం ఉన్నది. అది ఎంచుకుంటే 80పి మినహాయింపు ఉండదు. 30 కంటె 22 తక్కువ గదా అని తొందరపడి ఒప్పుకోరాదు.

సంఘం వేయవలసిన ఫారం ఐ.టి.ఆర్-5. అందులో ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టాల ఖాతా కూడా నింపాలి. ఈ కారణాలన్నిటి చేత సంఘం మాత్రం అర్హత గల చార్టర్డ్ అకౌంటెంటుకో, అనుభవజ్ఞుడైన పన్ను ప్రాక్టీషనరుకో ఫీజిచ్చి వేయించడమే క్షేమమని మా అభిప్రాయము.

4. ఫీజిచ్చినా మన చేతిలో ఉండవలసినవి

పాల కేంద్రంలో వెన్న పరీక్ష టెస్టరు చేస్తాడు. అయినా కార్డులో పడిన అంకె చూసుకోకుండా ఏ సభ్యురాలూ ఇంటికి పోదు. రిటర్ను విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి. తప్పు ఎవరు చేసినా చట్టం అడిగేది మనలనే.

పాన్‌కు నమోదైన ఫోన్, ఈమెయిలు మనవే అయి ఉండాలి. పాస్‌వర్డు మన దగ్గర ఉండాలి. ఏమి పంపుతున్నారో చదవకుండా ఓటీపీ చెప్పరాదు.

రిటర్ను పంపిన 30 రోజులలోగా ధృవీకరణ పూర్తి కావాలి. లేకుంటే గడువులో వేసిన రిటర్ను కూడా ఆలస్యమైనదిగా మారవచ్చును. అక్నాలెడ్జిమెంటుపై తేదీ చూసి ఫైలులో పెట్టాలి.

గడువు అందరికీ ఒకటి కాదు. ఆడిట్ ఉన్నవారికి, లేనివారికి తేదీలు వేరు. 2025లో జూలై 31 గడువును చివరికి సెప్టెంబరు 16 దాకా పొడిగించారు. ఏటా అలాగే పొడిగిస్తారని కూర్చోరాదు.

"రీఫండు తెప్పిస్తాను, అందులో ఇంత వాటా ఇవ్వండి" అనేవారిని దగ్గరకు రానీయవద్దు. లేని ఖర్చులు, దొంగ మినహాయింపులు చూపినట్లు తేలితే ఎగవేసిన పన్నుకు రెండింతలు, అనగా 200 శాతం జరిమానా పడవచ్చును. అప్పుడు వాటా తీసుకున్నాయన కనిపించడు.

5. సారాంశం

ఒకే రకం ఆదాయం, పన్ను సున్నా, చిన్న ఫారం అయితే సభ్యుడు స్వయంగా వేసుకోవచ్చును. పాలూ పంటా కలిసినచోట, లేదా నోటీసు వచ్చినచోట తెలిసినవారి సాయం తీసుకోవాలి. సంఘానికి ఫీజు ఖర్చు దండగ కాదు, కాని అక్నాలెడ్జిమెంటు కంటితో చూడకుండా ఆ ఖర్చును పాలకవర్గం ఆమోదించరాదు.

తరువాతి సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘం పాన్‌కు ఎవరి ఫోన్ నంబరు నమోదై ఉన్నది?
2. గత మూడేండ్ల రిటర్నుల అక్నాలెడ్జిమెంట్లు ఫైలులో ఉన్నవా? వాటిపై తేదీలు గడువు లోపలివేనా?
3. సమాఖ్యకు పోసిన పాలు, బయట అమ్మిన పాలు వేరువేరు పద్దులలో రాస్తున్నామా?
4. ఈ ఏడాది రిటర్ను ఎవరు వేస్తారు, ఏ తేదీ లోపల వేస్తారు అన్నది పాలకవర్గం తీర్మానించిందా?

రెండవ ప్రశ్నకు కార్యదర్శిగారు ఫైలు తెచ్చి సభ్యుల ముందు పెట్టి చూపవలసినదిగా కోరుతున్నాము. నోటిమాటగా "ఉన్నవి" అంటే సభ్యులు ఒప్పుకోవద్దు. తనిఖీకి వచ్చినప్పుడు మేము కూడా ఒప్పుకోము.