2500వ ఏడు ఎలా వచ్చింది?



మన విహారాలకొచ్చే పిల్లలు ఒక లెక్క అడుగుతుంటారు. బాబాసాహెబ్ తన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో తథాగతుని మహాపరినిబ్బానం క్రీ.పూ. 483లో జరిగిందని రాశారు. 1956లో ఆయన నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది మాత్రం 2500వ బుద్ధ సంవత్సరంలో అంటాం. 483కు 1956 కలిపితే 2439 కదా, 2500 ఎక్కడిది? దీన్ని పట్టుకుని ఎగతాళి చేసేవాళ్ళూ ఉన్నారు. జవాబు మన దగ్గర ఉండాలి.

శ్రీలంక, బర్మా, థాయిలాండ్ సంప్రదాయం పరినిబ్బానాన్ని క్రీ.పూ. 544 నుంచి లెక్కిస్తుంది. 544కు 1956 కలపండి, 2500. ఆ వైశాఖ పున్నమికి మన ప్రభుత్వం కూడా ఆ లెక్కతోనే 2500వ జయంతి జరిపింది. థాయిలాండ్ వాళ్ళు మాత్రం 1957లో జరుపుకున్నారు. తప్పేం కాదు. మన ఇళ్ళల్లో ‘ఎనిమిదో ఏడు నడుస్తోంది’ అని ఒకరు, ‘ఏడేళ్ళు నిండాయి’ అని ఇంకొకరు అంటారు, బిడ్డ ఒక్కడే. లంక వాళ్ళది నడిచే ఏడు, థాయ్ వాళ్ళది నిండిన ఏడు.

మరి 483? ఇది చరిత్రకారుల లెక్క. పరినిబ్బానం తర్వాత 218 ఏళ్ళకు అశోకునికి పట్టాభిషేకమైందని లంక గ్రంథం మహావంశమే చెబుతుంది. అశోకుడు పదమూడో శిలాశాసనంలో తన కాలపు గ్రీకు రాజుల పేర్లు చెక్కించాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా అది ఉంది. ఆ రాజుల కాలం తెలుసు గనుక అశోకుని పట్టాభిషేకం క్రీ.పూ. 265–270 ప్రాంతమని తేలింది. 265కు 218 కలిపితే 483. అదే 544 నుంచి 218 తీసేస్తే 326 వస్తుంది, అంటే అలెగ్జాండర్ పంజాబులో ఉన్న ఏడు. తాత చంద్రగుప్తుడే ఇంకా గద్దెనెక్కలేదు, మనవడికి పట్టాభిషేకం ఎలా అవుతుంది?

అందుకే చరిత్ర రాసేటప్పుడు బాబాసాహెబ్ 483 తీసుకున్నారు. ప్రపంచ బౌద్ధులు పండగ చేసుకున్న 2500వ ఏడాదిలోనే దీక్ష తీసుకున్నారు.

ఇక తెలుగు పంచాంగం ఆ విజయదశమిని దుర్ముఖి నామ సంవత్సరం, శకం 1878 అంటుంది. దుర్ముఖి 2016లో మళ్ళీ వచ్చింది. ఉత్త పేరే చెబితే ఏ అరవయ్యేళ్ళ కిందటిదో ఎవరికి తెలుస్తుంది?

2025 వైశాఖ పున్నమికి లంక క్యాలెండర్‌లో 2569, థాయ్ క్యాలెండర్‌లో 2568 ఉన్నాయి. మీ విహారం కరపత్రాల్లో ఏది వేసినా సరే, పక్కన క్రీ.శ. సంవత్సరం కూడా వేయండి.