పాత ట్రాక్టరు కొనువారు పరీక్షింపవలసిన విషయములు

అప్పు చేసి కొన్న ట్రాక్టరు దమ్ముల కాలమున నిలిచిపోయినచో రైతునకు రెండు నష్టములు: అదను దాటిపోవును, వాయిదా మాత్రము ఆగదు. కావున పట్టిసీమ ప్రాంతపు చిన్న రైతులు పాత బండి కొనుటకు ముందు చూడవలసిన విషయముల నిచ్చట తెలుపుచున్నాము.

1. పూర్వపు పని: పట్టిసీమ ధవళేశ్వరమునకు ఎగువనున్నది. దిగువ డెల్టానుండి వచ్చిన బండి సార్వా, దాళ్వాలలో దమ్ము చేసినదై యుండవచ్చును. అట్టి బండికి ఇంజను బాగున్నను వెనుక ఇరుసులోనికి బురదనీరు దిగియుండును. అడుగు బిరడా వదలించి కొంచెము నూనె తీయించి చూడుడు. అది పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని గుర్తు. ఇనుప నలుసులు కనబడినచో పండ్లచక్రము లరిగినవి. ముందు చక్రములను జాకీపై నెత్తి ఊపి చూడుడు. కదలిక యున్నచో బేరింగు లరిగినవి. క్రొత్త రంగును చూచి మోసపోరాదు.

2. ఇంజను: చల్లగా నున్నపుడే నడిపింపుడు. అమ్మువారు ముందే వేడిచేసి యుంచినచో మఱునాటి యుదయమున మరల పోవుడు. నీలిపొగ ఎడతెగక వచ్చినచో ఇంజను నూనె కాలుచున్నది. బరువు లేకయే నల్లపొగ వచ్చినచో ఇంజెక్టరులో గాని, గాలి వడపోతలో గాని లోపముండును.

3. లిఫ్టు: గొర్రు తగిలించి పైకెత్తి, ఇంజను ఆపుడు. గొర్రు వెంటనే జారినచో హైడ్రాలిక్ మరమ్మతు తప్పదు. ఆ సమయమున దానిక్రింద నెవరును ఉండరాదు.

4. విడిభాగములు: పింజోరులోని హెచ్.ఎం.టి. ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించెను. తయారీ నిలిచిన బండి చవుకగా దొరకినను, దాని భాగములు కొవ్వూరులోనో రాజమహేంద్రవరములోనో దొరకునేమో ముందుగా విచారింపవలెను.

5. కాగితములు: రిజిస్ట్రేషను పత్రములోని ఇంజను, ఛాసిస్ అంకెలను బండిపై నున్నవానితో సరిచూడుడు. బ్యాంకు తాకట్టు నమోదై యున్నచో, 35వ ఫారముతోపాటు బ్యాంకువారి అనుమతి చూపినగాని సొమ్ము చెల్లింపరాదు. 29, 30 ఫారములపై సంతకములు తీసికొని, 30 దినములలోగా పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను.

తుదకు, ఏడాదికి మీ పొలమున ఎన్ని గంటల పని యున్నదో లెక్క వేయుడు. ఆ గంటలకు అద్దె యెంతయో ఒకవైపు, వాయిదా, డీజిలు, మరమ్మతు, భీమా మొత్తము వేఱొకవైపు వ్రాయుడు. అద్దెయే తక్కువగా తేలినచో కొనకుండుటయే లాభము. లేనిచో గట్లు కలిసిన నలుగురు రైతులు, ఎవరి వంతు ఎప్పుడో ముందే వ్రాసికొని, ఉమ్మడిగా కొనుట మేలని మా యభిప్రాయము.