ముందు ట్రాన్‌స్క్రిప్ట్ తియ్యండి

మీది ఎకనామిక్స్ డిగ్రీ. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మంచి ఉద్యోగం. అయినా రెండేళ్లుగా మనసు ఒక్కచోటే తచ్చాడుతోంది: డాక్టర్ని కావాలి. ఇంట్లో ఈ మాట చెప్పగానే అమ్మ "ఇప్పుడా, కన్నా?" అంటుంది. నాన్న ఆ రాత్రే ల్యాప్‌టాప్ తెరిచి పెద్ద పెద్ద యూనివర్సిటీల పేర్లు రాసుకుంటారు. ఇద్దరిదీ ప్రేమే. కానీ మొదలుపెట్టాల్సింది వయసు దగ్గరా కాదు, యూనివర్సిటీ పేరు దగ్గరా కాదు. మీరు చదివిన ప్రతి కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించండి. ఏ దారి మీదో ఆ కాగితం చెబుతుంది.

ఇంటర్‌లో గ్రూపు తీసుకున్న రోజే బతుకు తేలిపోతుందన్న లెక్కలో పెరిగాం మనం. ఎంపీసీ అంటే ఇంజినీరు, బైపీసీ అంటే డాక్టరు. అమెరికాలో ఆ లెక్క చెల్లదు. అక్కడ మెడికల్ స్కూల్ అంటే డిగ్రీ తర్వాత నాలుగేళ్ల చదువు. డిగ్రీ ఏ సబ్జెక్టులో చేశారన్నది అడ్డు కాదు. హెరాల్డ్ వార్మస్ 1961లో ఆమ్‌హర్‌స్ట్ కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివి పట్టా తీసుకున్నారు, మరుసటి ఏడు హార్వర్డ్‌లో అదే సాహిత్యంలో ఎం.ఏ. చేశారు. తర్వాత మనసు వైద్యం వైపు తిరిగింది. హార్వర్డ్ మెడికల్ స్కూల్ రెండుసార్లు కాదంది. కొలంబియా చేర్చుకుంది. 1966లో ఎం.డి., 1989లో నోబెల్. కోవిడ్ రోజుల్లో ప్రపంచమంతా విన్న ఆంథొనీ ఫౌచీ డిగ్రీలో చదివింది గ్రీకు, లాటిన్ సాహిత్యాలు.

మేజర్ ఏదైనా కొన్ని కోర్సులు మాత్రం తప్పవు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ తలా ఒక ఏడాది, ల్యాబ్‌లతో సహా. ఆపైన బయోకెమిస్ట్రీ. చాలా స్కూళ్లకు స్టాటిస్టిక్స్, సైకాలజీ కూడా కావాలి. ఇప్పుడు ట్రాన్‌స్క్రిప్ట్ పక్కన ఈ జాబితా పెట్టి చూడండి.

సైన్స్ గడులన్నీ ఖాళీయేనా? దిగులు పడకండి, ఆ ఖాళీయే మీ బలం. దరఖాస్తులో మెడికల్ స్కూళ్లు రెండు జీపీఏలు చూస్తాయి. ఒకటి మొత్తం చదువుది. రెండోది బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌ది. మీ రెండో లెక్క ఇంకా దాదాపు మొదలే కాలేదు, ఇకపై తెచ్చుకునే ప్రతి 'ఏ' అక్కడ నిండుగా కనబడుతుంది. (ఎకనామిక్స్ వాళ్లకు ఒక జాగ్రత్త: డిగ్రీలో చేసిన కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ ఇందులోనే కలుస్తాయి.)

మొత్తం జీపీఏ అలా కాదు, అది బరువైన బండి. 120 క్రెడిట్లు 3.2తో పూర్తి చేసిన వ్యక్తి మరో 36 క్రెడిట్లు అన్నీ 'ఏ'లతో చదివినా చేరేది 3.38కే. మెడికల్ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు 3.7 దాటి ఉంటుంది. అందుకే కొత్తగా తీసుకునే ఒక్క కోర్సును కూడా తేలిగ్గా తీసుకోకూడదు. పాత 'సి'ని మళ్లీ చదివి 'ఏ' చేసుకుంటే పాతది చెరిగిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. ఎం.డి. స్కూళ్ల ఉమ్మడి దరఖాస్తు లెక్కలో రెండూ ఉంటాయి.

గడులు ఖాళీగా ఉన్నవాళ్ల దారి పేరు పోస్ట్‌బ్యాక్. అంటే డిగ్రీ తర్వాత ఆ సైన్స్ కోర్సులు మాత్రమే చదవడం. బ్రిన్ మార్, గౌచర్, స్క్రిప్స్ వంటి కాలేజీల్లో కెరీర్ మార్చుకునేవాళ్ల కోసమే కట్టిన ప్రోగ్రాములున్నాయి. ఏడాది, ఏడాదిన్నరలో ఊపిరాడకుండా నడిపిస్తారు. సలహాదారు ఉంటాడు, తోటి బ్యాచ్ ఉంటుంది. కొన్నిటికి మెడికల్ స్కూళ్లతో లింకేజ్ ఒప్పందాలు ఉండటంతో, అర్హత తెచ్చుకున్నవాళ్లకు ఒక ఏడాది నిరీక్షణ తప్పే అవకాశం ఉంది. ఖర్చు మాత్రం భారీగా ఉంటుంది, ఉద్యోగం వదులుకోవాల్సిందే. ఇక రెండో పద్ధతి, దగ్గరలోని స్టేట్ యూనివర్సిటీలో ఒక్కొక్క కోర్సూ సొంతంగా చదువుకోవడం. సొంత క్రమశిక్షణ ఉన్నవాళ్లకు నేను ఇదే చెబుతాను. మెడికల్ స్కూల్‌కి పెద్ద అప్పు ఎలాగూ తప్పదు. పైగా 2026 జూలై నుంచి కొత్తగా అప్పు తీసుకునే మెడికల్ విద్యార్థులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లు దాటదు. చేతిలో ఉన్న పొదుపును ముందే కరగదీసుకోవద్దు.

గడులు ఖాళీగా లేకుండా 'సి'లతో నిండి ఉంటే దారి వేరు. పైస్థాయి బయాలజీ కోర్సుల్లో రెండేళ్లపాటు వరసగా మంచి గ్రేడ్లు చూపించాలి. స్పెషల్ మాస్టర్స్ అనే ఏడాది ప్రోగ్రాములు ఇలాంటివాళ్ల కోసమే ఉన్నాయి. కానీ అక్కడ దెబ్బతింటే లేవడం కష్టం, కాబట్టి దాన్ని ఆఖరి మెట్టుగానే ఉంచుకోండి.

మూడో రకం వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం వాళ్ల మీదే ఎక్కువ ధ్యాస. విజయవాడలోనో వరంగల్‌లోనో బీకాం చేసి, పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద వచ్చిన అమ్మాయి. ఇండియాలో వచ్చిన మార్కులు ఆ ఉమ్మడి దరఖాస్తు జీపీఏలో లెక్కకే రావు. చాలా స్కూళ్లు అమెరికా లేదా కెనడా కాలేజీలో చదివిన క్రెడిట్లు, తరచు 90 దాకా, అడుగుతాయి. మామూలుగా రెండో డిగ్రీ దండగ, ఈ అమ్మాయికి మాత్రం అదే సరైన దారి కావచ్చు. అయితే అంతకంటే ముందు చూసుకోవాల్సింది వీసా సంగతి. సిటిజన్‌షిప్ లేదా గ్రీన్ కార్డ్ లేనివాళ్లను తీసుకోని స్కూళ్లు చాలా ఉన్నాయి. ఏ స్కూలు ఏమంటుందో అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వారి ఎంసార్ డేటాబేస్‌లో ఉంటుంది. అది చూశాకే ఫీజు కట్టు, తల్లీ.

ఇక క్యాలెండర్. దాన్ని నడిపేది కెమిస్ట్రీ. జనరల్ కెమిస్ట్రీ అయితేగాని ఆర్గానిక్ ఇవ్వరు, ఆర్గానిక్ చదవకుండా బయోకెమిస్ట్రీకి రానివ్వరు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు రెండేళ్లు ఇక్కడే పోతాయి. 2026 ఆగస్టులో మొదలుపెడితే 2028 వసంతంలో ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష, ఆ జూన్‌లో దరఖాస్తు, 2029 ఆగస్టులో ప్రవేశం, 2033లో పట్టా. రెసిడెన్సీ కనీసం మూడేళ్లు. ఇరవై నాలుగేళ్ల వయసులో బయలుదేరినవాళ్లకు అప్పటికి ముప్ఫై నాలుగు. ఈ అంకెను అమ్మానాన్నలకు, పెళ్లయితే భాగస్వామికి, ముందే కాగితం మీద రాసి చూపించండి.

ఎంక్యాట్‌కు తొందర వద్దు. విరామాలతో కలిపి ఏడున్నర గంటల పరీక్ష, 472 నుంచి 528 దాకా స్కోరు, నాలుగు భాగాలు. అందులో ఒకటి పూర్తిగా చదివి అర్థం చేసుకునే భాగం. సాహిత్యమో చరిత్రో చదివినవాళ్లకు అది అచ్చొచ్చిన చోటు. మిగతా మూడూ కోర్సులు సరిగ్గా చదివినవాళ్లకే లొంగుతాయి. బాగా రాయలేదని మళ్లీ రాస్తే మొదటి స్కోరూ స్కూళ్లకు కనబడుతుంది.

కోర్సుల్లో చేరకముందే ఆసుపత్రి వాసన చూడండి. హాస్పిస్‌లో వాలంటీరుగా, లేదా డాక్టర్ పక్కన కూర్చుని నోట్సు రాసే స్క్రైబ్‌గా ఆరు నెలలు పనిచెయ్యండి. మంచం మీద మనిషి పక్క తడుపుకున్నప్పుడు, ఇంటివాళ్లు డాక్టర్ మీద అరిచినప్పుడు మీకు ఏమనిపించిందో గమనించుకోండి. మర్నాడు మళ్లీ వెళ్లాలనిపిస్తే మీ కోరిక నిజమైందే. ఇంటర్వ్యూలో అడిగేదీ దాదాపు ఇదే.

ఇక కాలేజీ. మొదటి సెమిస్టర్‌కి జనరల్ కెమిస్ట్రీ, దాని ల్యాబ్, అంతే. ఉద్యోగం వదలొద్దు. విత్‌డ్రా గడువు తేదీ గోడ మీద రాసుకోండి. మొదటి మిడ్‌టర్మ్ మార్కులు చూసి, పట్టు దొరకడం లేదనిపిస్తే గడువులోపు తప్పుకోండి. ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఒక 'డబ్ల్యూ' పడుతుంది, జీపీఏలో కలవదు. సెమిస్టర్ సెలవుల్లో ఆల్జీబ్రా దిద్దుకుని మళ్లీ చేరండి. పట్టు దొరికితే స్ప్రింగ్ రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే రెండో భాగానికి పేరు ఇచ్చేయండి. బయాలజీని దానితో కలిపి తీసుకోవాలా వద్దా అన్నది అప్పుడు చూసుకోవచ్చు.