తాతయ్య ఫైలు తెరుచుకుంది గానీ...

పోయిన సంక్రాంతి సెలవులకి చల్లపల్లి వెళ్లినప్పుడు తాతయ్య నా చేతిలో ఒక సీడీ పెట్టాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో "ఉప్పెన - 2003" అని రాసి ఉంది. "అమ్మడూ, నువ్వు కంప్యూటరు చదువేగా చదివేది. ఇందులో ఉన్నదంతా పెద్దక్షరాల్లో కాగితం మీదకి తెచ్చిపెట్టు" అన్నాడు. పది నిమిషాల పనే గదా అనుకుని సరేనన్నాను. నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో నేర్చుకున్నవి మన క్లబ్బు వాళ్లకి పనికొస్తాయని ఇది రాస్తున్నాను. మీ ఇళ్లల్లో కూడా ఇలాంటి సీడీ ఒకటి బీరువాలో ఉండే ఉంటుంది.

ముందు ఆ సీడీ సంగతి చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చినప్పుడు తాతయ్యకి ఇరవై ఏడేళ్లు. నాగాయలంక అవతల ఒక పల్లెలో ఉండేవాళ్లు. చల్లపల్లికి వచ్చి స్థిరపడింది ఆ తర్వాతే. పొలం కాగితాలు, పెళ్లి ఫొటో, ముత్తాత ఉత్తరాలు అన్నీ ట్రంకు పెట్టెతో సహా కొట్టుకుపోయాయి. ఆ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారని పుస్తకాల్లో చదువుకుంటాం. తాతయ్య లెక్క వేరు. తన వీధిలో ఏ ఇంట్లో ఎవరెవరుండేవారో, ఎవరు మిగిలారో, ఇంటి వరసన ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకున్నాడు. 2003లో దాన్ని డీటీపీ చేయించి, పది కాపీలు తీయించి చుట్టాలకి పంచాడు. నోటుబుక్కుకి చెద పట్టింది. పంచిన కాపీల కోసం అందరికీ ఫోన్లు చేశాను. "ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయిందమ్మా" అన్నది అందరి జవాబూ. మిగిలింది ఈ సీడీ ఒక్కటే. ఇక తాతయ్యకేమో ఆ పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. మొన్నటిదాకా గడగడా చెప్పినవాడు, ఇప్పుడు "ఆ మూలింటి వాళ్లు..." అని ఆగిపోతున్నాడు.

మొదటి చిక్కు సీడీ పెట్టడానికి చోటే లేకపోవడం. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో డ్రైవు ఉండటం లేదు గదా. సీనియర్ దగ్గర యూఎస్‌బీ డ్రైవు అరువు తెచ్చాను. సగం కాపీ అయ్యాక ఆగిపోయింది. ఇంట్లో రాసుకునే సీడీల్లో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. వేడికీ వెలుతురుకీ ఆ రంగు పాడవుతుంది. మన డెల్టా ఉక్కలో, కిటికీ పక్క షెల్ఫులో ఇన్నేళ్లున్నది చదవగలిగినంత మిగలడమే గొప్ప. సీడీని తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా మాత్రం తిప్పొద్దు. గుండ్రటి గీత పడితే వరసగా ఉన్న సమాచారం పోతుంది, అడ్డగీత అయితే డ్రైవు సర్దుకోగలదు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది. మామూలు కాపీ లాగా మొదటి దెబ్బకే చేతులెత్తేయకుండా, చదవగలిగినవన్నీ ముందు తీసేసి, మొండికేసిన ముక్కల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళుతుంది. రాత్రి పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి రెండు ఫైళ్లు చేతికొచ్చాయి: ఒక వర్డ్ ఫైలు, ఒక పేజ్‌మేకర్ ఫైలు.

వర్డ్ ఫైలు తెరిచాను. చక్కగా తెరుచుకుంది, కానీ ఒక్క తెలుగక్షరం లేదు. నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో కరెన్సీ గుర్తులు. వెనక నుంచి చూసిన తాతయ్య "ఇదేం భాష?" అన్నాడు.

ఇలా కనిపిస్తే చాలామంది ఫైలు పాడైందనుకుని తుడిచేస్తారు. అది పాడవలేదు. ఇక్కడ జరిగేదేమిటో తెలిస్తే సగం పని అయినట్టే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు కోసం కట్టిన ఇంట్లో అద్దెకున్నట్టు ఉండేవి. అక్కడ ఉన్నవే 256 గదులు. వాటిలోనూ కొన్ని మనవి కావు. తెలుగుకేమో గుణింతాలు, వత్తులు కలిపితే వేల ఆకారాలు కావాలి. అందుకని అక్షరాన్ని ముక్కలు చేసి, తలకట్టొక గదిలో, వత్తొక గదిలో, దీర్ఘమొక గదిలో సర్దారు. అంటే ఆ ఫైల్లో 'క' అనే అక్షరం ఉండదు, "ఫలానా గదిలో ఉన్న బొమ్మ గియ్యి" అన్న మాటే ఉంటుంది. ఏ గదిలో ఏ బొమ్మ ఉందో ఆ ఫాంటుకే తెలుసు. ఫాంటు లేని కంప్యూటరు ఆ గదిలో మామూలుగా ఉండే ఇంగ్లీషు గుర్తునే చూపిస్తుంది. పైగా ఒక్కో కంపెనీ ఫాంటుది ఒక్కో సర్దుబాటు.

యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చింది. అందులో తెలుగుకి సొంతంగా 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలున్నాయి. 'క' ఎక్కడైనా 3093 నెంబరే, ఫోన్లో అయినా, హైదరాబాదులో అయినా, అమెరికాలో అయినా. 'క్ష' అని రాస్తే లోపల 3093, 3149, 3127 అని మూడు నెంబర్లుంటాయి: క, పొల్లు, ష. వీటిని కలిపి ఒక ఆకారంగా గీయడం ఫాంటు పని. ఫాంటు మారిస్తే అందం మారుతుందే గానీ అక్షరం మారదు. విండోస్ ఎక్స్‌పీ నాటికే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది. "మరి 2003లో ఆ డీటీపీ ఆయన యూనికోడ్‌లో కొట్టొచ్చుగా" అని నాకూ కోపమొచ్చింది. ఆయన తప్పేం లేదట. అప్పట్లో పుస్తకాల పేజీలు కట్టింది పేజ్‌మేకర్లో. దానికి యూనికోడ్ తెలియనే తెలియదు.

మీకు ఇలాంటి ఫైలు దొరికితే ముందుగా దానికి ఒక నకలు తీసి, నకలు మీదే పని చేయండి. అసలు దాన్ని తెరిచినా 'సేవ్' నొక్కొద్దు. తర్వాత ఆ గజిబిజి మీద కర్సరు పెట్టి పైన ఫాంటు పేరు చూడండి. ఆ ఫాంటు మీ దగ్గర లేకపోయినా వర్డ్ దాని పేరు గుర్తు పెట్టుకుని చూపిస్తుంది. ఆ పేరే తాళంచెవి. దాన్ని పట్టుకుని వెతికితే ఆ ఫాంటు నుంచి యూనికోడ్‌కి మార్చే ఉచిత పనిముట్లు నెట్లో దొరుకుతాయి. ఆస్తి కాగితాలూ సొంత ఉత్తరాలూ మాత్రం ఊరూ పేరూ తెలియని సైట్లలో అతికించకండి. వాటిని కూర్చుని టైపు చేసుకోవడమే మేలు.

నా వర్డ్ ఫైల్లో 23 పేజీలే ఉన్నాయి. పేర్ల పట్టీ అందులో లేదు, పేజ్‌మేకర్ ఫైల్లో ఉంది. పేజ్‌మేకర్ చివరి కూర్పు 2001లో వచ్చిన 7.0. ఇప్పటి ఇన్‌డిజైన్ కూడా ఆ ఫైళ్లు తెరవదు, పాత సీఎస్6 దాకానే ఆ వీలుంది. చివరికి బందరులో ఒక ప్రెస్సులో, నెట్ కనెక్షన్ కూడా లేని ఎక్స్‌పీ డబ్బా ఒకటి బతికే ఉందని తెలిసి పెన్‌డ్రైవుతో బస్సెక్కాను. ఆ బాబాయి గారు ఫైలు తెరవగానే తెర మీద తెలుగు! మొదటి పేజీలోనే తాతయ్య సొంతూరి పేరు. రెండు రకాలుగా ఇవ్వమని అడిగాను: అక్షరాలు టెక్స్టుగా, పేజీలు పీడీఎఫ్‌గా. ఇలా రెండూ తీసుకోవడం ఈ మొత్తంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని.

ఎందుకంటే మార్పిడి పనిముట్లు తప్పులు చేస్తాయి. వత్తు పక్క అక్షరానికి తగులుకుంటుంది, దీర్ఘం ఎగిరిపోతుంది, సున్నా బదులు అంకె సున్నా వచ్చి కూర్చుంటుంది. కళ్లకి రెండూ ఒకటే, వెతికితే మాత్రం దొరకదు. మామూలు మాటలో తప్పు పడితే అర్థాన్ని బట్టి దిద్దుకోవచ్చు. పేర్లలో అది కుదరదు. వెంకమ్మ కాస్తా వెంకయ్య అయితే మనిషే మారిపోతారు. ఆ మనిషి గురించి ఇంకెక్కడా రాసి లేనప్పుడు దాన్ని దిద్దేవాళ్లెవరు?

అందుకని పీడీఎఫ్‌లోని ఒక్కో పేజీని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిచాను. అది బొమ్మలో ఉన్న తెలుగుని చదివి అక్షరాలుగా ఇస్తుంది. అదీ తప్పులు చేస్తుంది, కానీ వేరే తప్పులు. మార్పిడి పనిముట్టు గదుల నెంబర్లు చూసి పొరబడుతుంది, ఇది ఆకారం చూసి పొరబడుతుంది. రెండింటినీ వర్డ్‌లో రివ్యూ కింద ఉన్న 'కంపేర్'లో పెడితే, తేడా ఉన్న చోట్లన్నీ రంగులో చూపిస్తుంది. ఆ చోట్ల మాత్రం అసలు పేజీ చూసి దిద్దుకున్నాను. 31 పేజీలకీ కలిపి నాలుగొందల పైచిలుకు తేడాలొచ్చాయి. హాస్టల్లో రోజుకి రెండు పేజీల చొప్పున చేశాను. మా రూమ్మేటు "ఇంత ఓపిక మిడ్స్‌కి పెడితే..." అంది. నిజమే.

ఇక్కడ మన క్లబ్బు వాళ్లకి ఒక మాట. కవితలు స్క్రీన్‌షాట్లుగా పంపకండి. ఫోన్లో జీబోర్డుతో, విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డుతో నేరుగా యూనికోడ్‌లోనే కొట్టండి. టైపింగ్ రాకపోతే నోటితో చెప్పినా జీబోర్డు రాస్తుంది. ఒక చిన్న మెలిక: 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో 'ట్' తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, 'వ' వత్తుగా మారకుండా ఆపడానికి. ఒకరు ఆ గుర్తుతో, ఇంకొకరు లేకుండా రాస్తే కంట్రోల్-ఎఫ్ రెండిటినీ వేరే మాటలనుకోవచ్చు. మీ ఫైల్లో ఉన్న మాటే దొరకట్లేదంటే దాన్ని అనుమానించండి.

ఫాంటు ఎంచేటప్పుడు ఇంకో ముచ్చట. ఉచిత తెలుగు యూనికోడ్ ఫాంట్ల జాబితాలో 'మండలి' అని ఒకటుంది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యామంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు గారి పేరది. ఆయనది మన దివిసీమే. ఈ సంగతి చెప్పగానే తాతయ్య "అయితే అందులోనే కొట్టు" అన్నాడు, ఇంకో ఫాంటు చూడను కూడా చూడలేదు.

ఇక దాచుకోవడం గురించి. ఒక్క కాపీ ఉంటే లేనట్టే. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఈ పద్ధతి ప్రపంచమంతా చెబుతుంది గానీ మన తీరంలో ఆ 'వేరే ఊరు' చాలా ముఖ్యం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లో ల్యాప్‌టాపు, హార్డ్ డిస్కు రెండూ ఒకే బీరువాలో ఉన్నాయి. బీరువా మునిగితే రెండూ పోయేవి. ట్రంకు పెట్టె కథ మళ్లీ మొదలయ్యేది. ఇప్పుడు ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి హైదరాబాదులో పిన్ని వాళ్లింట్లో ఉన్నాయి. పెన్‌డ్రైవుని నమ్మి ఏళ్ల తరబడి సొరుగులో పడేయకండి. కరెంటు తగలకుండా ఉంటే అందులోని సమాచారం మెల్లగా చెరిగిపోవచ్చు. ఏడాదికోసారి తెరిచి చూడాలి. మేం నవంబరు 19న తెరుద్దామనుకున్నాం. ఎలాగూ ఆ రోజు ఇంట్లో ఎవరూ మర్చిపోరు.

ఉరుములప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి. ఛార్జింగులో ఉన్న ల్యాప్‌టాపు మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందంటే చాలాసార్లు ఎర్త్ సరిగా లేదని అర్థం. సాకెట్లో పట్టడం లేదని మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటు మా ఇంట్లోనే ఉండేది. సాకెట్టే మార్పించాం. తడిసిన ఫోన్ని బియ్యం డబ్బాలో పెట్టొద్దని ఆపిల్ కంపెనీ కూడా 2024లో చెప్పింది. ఫోను ఆపేసి, ఛార్జింగు పెట్టకుండా గాలి తగిలే చోట ఉంచండి. ఈ మాట అమ్మమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

ప్రింటు తీసి ఇచ్చాను గానీ తాతయ్య కళ్లు పెద్దక్షరాలకి కూడా అలిసిపోతున్నాయి. అప్పుడు తట్టింది: ఇప్పుడది యూనికోడే గదా, ఫోను చదివి వినిపించగలదు. సెట్టింగ్స్‌లో టెక్స్ట్-టు-స్పీచ్‌లో తెలుగు పెట్టి, అరుగు మీద ఆయన పక్కన కూర్చుని పేర్ల పట్టీ మొదలుపెట్టాను. ఫోను గొంతు రైల్వేస్టేషన్ ప్రకటనలా ఉంటుంది. పేర్లని ఎక్కడ పడితే అక్కడ విరుస్తుంది. తాతయ్య మొదట నవ్వాడు. మూడో ఇంటి దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాడు.

"కాదు, ఆ పిల్ల పేరు అది కాదు. డీటీపీలో తప్పు పడింది. అప్పుడే చెబుదామనుకున్నా."

ఆయన చెప్పింది రాసుకుని, పక్కన తేదీ వేసి, పాత రూపం కింద అలాగే ఉంచాను. మూలింటి వాళ్ల పేర్లు వచ్చినప్పుడు ఏమీ అనలేదు. మళ్లీ ఒకసారి చదివించమన్నాడు. ఇంకా పదకొండు ఇళ్లున్నాయి. ఉగాదికి వెళ్లినప్పుడు మిగతావి వింటానన్నాడు.