తొమ్మిది గడుల పటము: డిజిటల్ తెల్లబల్లపై వ్యాపార ప్రణాళిక



గోపురము కట్టదలచినవాడు పని మొదలిడుటకు ముందే వ్యయమును లెక్కించుకొనవలయునని బోధించు ఉపమానమును లూకా సువార్త 14వ అధ్యాయమున మీరు చదివియున్నారు. అట్లు ముందుగా లెక్కించుకొనుటయే వ్యాపార ప్రణాళికకు మూలము. ఈ పనికి తోడ్పడు సాఫ్ట్‌వేరు సాధనము నేడు మనకు లభించుచున్నది. అది యెట్టిదో, దానివలన ప్రయోజనమేమో, దానిని నమ్మి మోసపోవు చోటెక్కడనో యీ పాఠమున తెలిసికొందము.

1. తెల్లబల్ల

మన తరగతిలోని నల్లబల్లకు నాలుగంచులు కలవు. దాని యెదుట ఒక్కరు నిలిచి వ్రాయగా తక్కినవారు చూతురు. డిజిటల్ తెల్లబల్ల యట్టిది కాదు. అది కంప్యూటరు తెరపై కనబడును. ఎటు జరిపినను వ్రాయుటకు చోటు దొరకును. వేర్వేరు ఊళ్లయందున్న పలువురు ఒకే సమయమున దానిపై వ్రాయవచ్చును. ఒకరు చేసిన మార్పు ఇంటర్నెట్టు ద్వారా సర్వరునకు చేరి, అచ్చటినుండి తక్కినవారి తెరలపైకి క్షణకాలములో వచ్చును. ఇట్టి బల్లలు పెక్కు కలవు. వానిలో మిరో యనునది 2011వ సంవత్సరమున రష్యాదేశమందలి పెర్మ్ నగరమున రియల్‌టైమ్‌బోర్డ్ అను పేరుతో ఆరంభమై, 2019లో ఇప్పటి పేరు దాల్చెను.

2. నమూనా పటము

ఖాళీ బల్ల యెదుట కూర్చున్నవానికి ఎచ్చట మొదలిడవలెనో తోచదు. కావున ఈ సాధనములయందు ముందుగా గీసియుంచిన పటములు కలవు. వీనిని టెంప్లేట్లు అందురు. బ్యాంకులో సొమ్ము కట్టునపుడు మనము నింపు ఫారము వంటివే యివి. జాబితానుండి ఒకదానిని ఎన్నుకొన్నంతనే గడులతో కూడిన పటము బల్లపై పఱచుకొనును. పిమ్మట రంగు చీటీలపై మాటలు వ్రాసి ఆయా గడులలో అతికింపవచ్చును, జరుపవచ్చును, తీసివేయవచ్చును.

వ్యాపార ప్రణాళికకు మిక్కిలి ప్రసిద్ధమైన పటము బిజినెస్ మోడల్ కాన్వాస్. స్విట్జర్లండు దేశీయుడగు అలెగ్జాండర్ ఆస్టర్‌వాల్డర్ లోజాన్ విశ్వవిద్యాలయమున ఆచార్య ఈవ్ పిన్యూర్ పర్యవేక్షణలో పరిశోధన చేసి, 2004లో ముగించిన సిద్ధాంతవ్యాసము దీనికి పునాది. వారిరువురును 2010లో ప్రకటించిన గ్రంథము దీనిని లోకమంతట వ్యాపింపజేసెను.

ఈ పటమున తొమ్మిది గడులు కలవు. నడుమ గడిలో మనము ఇతరులకు చేకూర్చు ప్రయోజనమును వ్రాయవలెను. కుడిప్రక్కను కొనువారెవరు, వారితో మన సంబంధమెట్టిది, సరకు వారికి చేరు మార్గమేది యను మూడు గడులు. ఎడమప్రక్కను మనము చేయవలసిన ముఖ్య కార్యములు, కావలసిన సాధనములు, తోడ్పడు సహకారులు అను మూడు. అడుగున ఎడమవైపు వ్యయము, కుడివైపు ఆదాయము. ఇన్నియు ఒకే పుటపై కనబడుటచే, ఏ గడి ఖాళీగా నున్నదో వెంటనే కంటబడును. ఈ పటముయొక్క గొప్ప మేలు ఇదియే. మనము మఱచినదానిని అది మనకు చూపును.

3. ఉదాహరణము

పాఠశాల తోటలో పండిన తోటకూరను వారమునకొకమారు అమ్మదలచితిమనుకొందము. వ్యయపు గడిలో విత్తనములు, ఎరువు 60 రూపాయలు, ఆటో కిరాయి 120, సంచులు 20, మొత్తము 200 రూపాయలని వ్రాసితిమి. ఆదాయపు గడిలో కట్ట 10 రూపాయల చొప్పున 40 కట్టలకు 400 రూపాయలని వ్రాసితిమి. లాభము 200 రూపాయలు! పటము నిండినది, చీటీలు ముచ్చటగా నున్నవి, అందఱును సంతసించిరి.

అయితే ఒక ప్రశ్న. ఆ 40 కట్టలను కొందుమని మనతో ఎవరు చెప్పిరి? పదునైదు కట్టలే అమ్ముడుపోయినచో వచ్చునది 150 రూపాయలు; 50 రూపాయల నష్టము. ఇరువది కట్టలు అమ్మినగాని పెట్టిన సొమ్ము రాదు. మిగిలిన ఆకుకూర మఱునాటికి వాడిపోవును. వ్యయపు గడిలోనివి మనము అడిగి తెలిసికొన్న లెక్కలు. ఆదాయపు గడిలోనిది కేవలము ఊహ. కాని చీటీలు రెండును ఒకే తీరున కనబడినవి. మోసపోవు చోటిదే.

కావున ఈ నియమమును పాటింపుడు. తెలిసిన విషయమును ఆకుపచ్చ చీటీపైనను, ఊహను పసుపు చీటీపైనను వ్రాయుడు. పిమ్మట బల్లను విడిచి బయటకు పొండు. పదిమంది తల్లిదండ్రులను, హాస్టలు వంటవారిని అడుగుడు. నిజమని తేలిన చీటీకి రంగు మార్చుడు, తేలనిదానిని తీసివేయుడు.

4. జాగ్రత్తలు

ఈ బల్లలపై చీటీలకు ఓట్లు వేయు వసతి కలదు. ఓట్లవలన మన జట్టు అభిప్రాయము తెలియునే గాని కొనువారి మనస్సు తెలియదు. నేడు కొన్ని బల్లలయందు కృత్రిమ మేధ అడిగినంతనే చీటీలు వ్రాసి పెట్టును. అవియు పసుపు చీటీలేయని యెఱుగుడు. యంత్రము మన ఊరి సంతకు వెళ్లి ఎవరిని అడిగి వచ్చినది కాదు.

మఱొక మాట. బల్ల శాశ్వతమని తలంపరాదు. గూగుల్ సంస్థ 2016లో ప్రకటించిన జామ్‌బోర్డు అను తెల్లబల్ల సేవ 2024 డిసెంబరు 31వ తేదీతో ముగిసెను. కావున పని ముగిసినపుడెల్ల పటమును పీడీఎఫ్‌గా భద్రపఱచుకొనుడు. ముఖ్యమైన లెక్కలను నోటుపుస్తకమునను వ్రాసికొనుడు.

తల్లిదండ్రులకును ఒక విన్నపము. మీ పిల్లలు ఇట్టి పటమును చూపినపుడు దాని అందమును మెచ్చుకొని ఊరకుండక, ఈ మాట నీకెట్లు తెలిసినదని ఒక్కొక్క చీటీని గూర్చి అడుగుడు. గడులను సాధనము గీయును. వానిలో సత్యమును నింపవలసినవారము మనమే.

అభ్యాసము

1. మీ వీధిలోని ఇడ్లీ బండికి గాని, కిరాణా కొట్టునకు గాని తొమ్మిది గడుల పటమును గీయుడు. కంప్యూటరు లేనివారు కాగితముపై గీయవచ్చును.
2. అందు తెలిసినవెన్ని, ఊహలెన్ని? లెక్కించి వ్రాయుడు.
3. పై ఉదాహరణమున ఆటో కిరాయి 180 రూపాయలైనచో నష్టము లేకుండుటకు ఎన్ని కట్టలు అమ్మవలెను?